చౌక కంప్యూటరు: వెల యెంత? విలువ యెంత?

పాఠశాలకు కంప్యూటర్లు కొనవలెనని నిర్ణయించిననాడు మొదట పుట్టు ప్రశ్న వెలను గూర్చినది. చేతిలోని ధనము కొద్ది. కంప్యూటరు ముందు కూర్చుండవలసిన విద్యార్థులు నలువది, ఏబదిమంది. అట్టి సమయమున 70 డాలర్లకే కంప్యూటరు లభించునను ప్రకటన కంటబడినచో, ఎవరి మనస్సైనను దానివైపు మొగ్గుట సహజము. ఇంటిలో చదువుకొను బిడ్డకు ఒక కంప్యూటరు కొనిపెట్టదలచిన తండ్రి పరిస్థితియు ఇంతే.

కాని చౌక యను మాటకు రెండర్థములు కలవు. అనవసరమైన దానిని తొలగించి వెల తగ్గించుట ఒకటి. అవసరమైన దానినే తొలగించి, ఆ ఖర్చును కొనువాని నెత్తిన పెట్టుట రెండవది. ఒకే యంత్రములో ఈ రెండును కలిసి యుండవచ్చును. కనుక చౌక యంత్రమును పరీక్షించునపుడు "ఇందులో తగ్గించినదేమి? ఆ తగ్గింపు భారమును మోయువారెవరు?" అను రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ కొలతతో ఒక ప్రసిద్ధ యంత్రమును, ‘రాస్ప్‌బెర్రీ పై 400’ను, పరిశీలింతము.

యంత్రము పుట్టుక

ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 2009వ సంవత్సరమున రాస్ప్‌బెర్రీ పై ఫౌండేషను అను ధర్మసంస్థ యేర్పడినది. దాని స్థాపకులలో ముఖ్యుడు ఎబెన్ అప్టన్. కంప్యూటరు శాస్త్రము చదువ వచ్చు విద్యార్థుల సంఖ్యయు, వారికి ముందే యుండవలసిన అనుభవమును తగ్గిపోవుచుండుట ఆయనయు, సహోద్యోగులును గమనించిరి. 1980ల దశాబ్దమున అనేకుల ఇండ్లలో చిన్న కంప్యూటర్లు ఉండెడివి. మీట నొక్కగనే అవి ప్రోగ్రాము వ్రాయుమన్నట్లు తెరపై ఎదురుచూచెడివి. తరువాతి కాలపు యంత్రములు ఖరీదైనవి. పిల్లలు వాటిని విప్పిచూచుటకు పెద్దలు ఒప్పుకొనరు. పాడైనను బెంగపడనక్కరలేని వెలకు ఒక కంప్యూటరును తయారుచేయవలెనన్నది ఆ సంస్థ ఆశయము. మొదటి యంత్రము 2012 ఫిబ్రవరి 29న వెలువడినది. అది అరచేతిలో ఇముడు ఒక పలక మాత్రమే. దానికి పెట్టె లేదు, కీబోర్డు లేదు.

ఆ పలక వంశమునకు చెందిన పలకను కీబోర్డు లోపల అమర్చి 2020 నవంబరు 2న విడుదల చేసినదే ‘పై 400’. కీబోర్డే కంప్యూటరగుట కొత్త సంగతి కాదు. 1981లో కేంబ్రిడ్జిలోనే ఏకార్న్ సంస్థ తయారుచేసిన ‘బి.బి.సి. మైక్రో’ కూడ అట్టిదే. 1984-85లో మన దేశమున ప్రారంభమైన ‘క్లాస్’ పథకము క్రింద ఎన్నిక చేసిన పాఠశాలలకు ఇచ్చిన యంత్రములు ఈ బి.బి.సి. మైక్రోలే. ఆనాటి ఉపాధ్యాయులకు పై 400ను చూడగనే పాత పరిచయము గుర్తుకు వచ్చును.

స్వరూపము

యంత్రము పొడవు 286 మిల్లీమీటర్లు, వెడల్పు 122, మందము 23. పైభాగమంతయు మీటలు. వెనుక వైపున తాకుడు రంధ్రములన్నియు ఒక వరుసలో కలవు: తెరను కలుపుటకు రెండు చిన్న హెచ్.డి.ఎం.ఐ. రంధ్రములు, మూడు యు.ఎస్.బి. రంధ్రములు, నెట్‌వర్కు తీగకు ఒకటి, విద్యుత్తునకు ఒకటి, స్మృతికార్డు దూర్చుటకు ఒక చీలిక. వీటి ప్రక్కన 40 సూదుల వరుస యొకటి కలదు. దాని ఉపయోగము ముందు చెప్పబడును. తీగలు లేకుండ పనిచేయు వైఫై, బ్లూటూత్ సదుపాయములు లోపలనే యున్నవి.

ఇందులో గాలిమర లేదు. ప్రాసెసరు పుట్టించు వేడిని కీబోర్డు క్రింద పరచిన వెడల్పాటి లోహపు రేకు గ్రహించి వ్యాపింపజేయును. వేడి నిలువకుండుటచేతనే, అంతకు ముందు ‘పై 4’ పలకలో 1.5 గిగాహెర్ట్‌జ్ వేగమున నడిచిన ప్రాసెసరును ఇందులో 1.8 గిగాహెర్ట్‌జ్‌కు పెంచగలిగిరి. గాలిమర లేని యంత్రము చప్పుడు చేయదు. దుమ్మును లోనికి లాగదు. సుద్దపొడి ఎగురు తరగతి గదిలో ఇది చిన్న లాభము కాదు. పెద్ద పెట్టె, గాలిమర, పెద్ద విద్యుత్ సరఫరా తొలగించుట వలన వెల తగ్గినది. కొనువానికి నష్టము రాలేదు. ఇది మొదటి రకపు చౌక.

ప్రకటించిన వెల, చెల్లించు వెల

విడుదలనాడు యంత్రము వెల 70 డాలర్లు. దానితోబాటు మౌసు, విద్యుత్ సరఫరా, ముందే సాఫ్ట్‌వేరు నింపిన కార్డు, తెరకు కలుపు తీగ, ఒక పుస్తకము కలిపిన పెట్టె వెల 100 డాలర్లు. అనగా యంత్రమును నడిపించుటకే అసలు వెలలో నూటికి 43 వంతులు అదనముగ చెల్లించవలెను. మానిటరు ఇందులో చేరలేదు. చిన్న మానిటరు వెలయే చాల పర్యాయములు యంత్రపు వెలకు దరిదాపున నుండును. పిదప దిగుమతి సుంకము, అమ్మకపు పన్ను, వర్తకుని లాభము చేరును.

ఏనుగు నిచ్చినవాడు అంకుశమునకు వెనుదీయడని సామెత. ఇచ్చట తీరు వేరు. ఏనుగు చౌకగనే వచ్చును. అంకుశము, గొలుసు, మేత కొనువాని పాలు. అందువలన 70 డాలర్ల యంత్రమును, మానిటరుతో సహా వచ్చు మరియొక యంత్రముతో వెలకు వెల పోల్చుట తప్పు. రెండింటిని బల్లపై పెట్టి, మీట నొక్కి, తెరపై అక్షరము కనబడువరకు అయిన మొత్తము ఖర్చునే పోల్చవలెను. పాఠశాలలో పాత మానిటర్లు పనిచేయు స్థితిలో నున్నచో లెక్క పూర్తిగా మారును. అప్పుడు ఈ యంత్రము నిజముగనే చౌక.

ఇంకొక హెచ్చరిక. 2025 చివరి నెలలనుండి స్మృతి చిప్పుల ధర లోకమంతట పెరిగినది. చిన్న కంప్యూటర్ల వెలలును దానితో పెరిగినవి. కావున వెనుకటి సంవత్సరముల వెలలను నమ్ముకొని లెక్క వేయరాదు. కొనునాటి వెలను విచారించవలెను.

వేగము: లోపమెచ్చట?

కంప్యూటరు మందముగ నడిచినచో ప్రాసెసరును తిట్టుట అలవాటు. పై 400లో నాలుగు కోరల ప్రాసెసరు, 4 గిగాబైట్ల స్మృతి యున్నవి. వ్యాసము టైపు చేయుటకు, లెక్కల పట్టికకు, ప్రోగ్రాములు నేర్చుకొనుటకు, పాఠపు వీడియో చూచుటకు ఈ ప్రాసెసరు చాలును. బిగువు పడు చోటు వేరు.

స్మృతిని, అనగా మెమరీని, చదువుకొను బల్లతో పోల్చవచ్చును. కార్డుగాని డిస్కుగాని బీరువా వంటిది. పుస్తకములను బీరువానుండి తీసి బల్లపై పరచుకొన్ననే చదువుట సాధ్యము. బల్ల నిండినచో ఒకదానిని బీరువాలో పెట్టి, మరియొకటి తీయవలెను. బీరువా దూరమైనకొలది నడకకే కాలము చెల్లును. నేటి వెబ్ పుటలు పెద్ద పుస్తకముల వంటివి. బ్రౌజరులో పది పుటలు తెరచి, వాటితోబాటు ఒక వీడియో పెట్టినచో 4 గిగాబైట్ల బల్ల నిండుటకు వచ్చును.

ఇక బీరువా సంగతి. పై 400 సాఫ్ట్‌వేరంతయు గోరంత కార్డులో నుండును. దానినుండి సెకనుకు సుమారు 40 మెగాబైట్లు చదువవచ్చును. అదే యంత్రమునకు యు.ఎస్.బి. రంధ్రముద్వారా ఘనస్థితి డిస్కును, అనగా ఎస్.ఎస్.డి.ని కలిపినచో సెకనుకు 300 మెగాబైట్లకు పైగా చదువును. వేయి మెగాబైట్లు చదువుటకు మొదటి పద్ధతిలో 25 సెకనులు, రెండవ పద్ధతిలో 4 సెకనులకు లోపు. చిన్నచిన్న ఫైళ్ళు వందలాదిగ వ్రాయవలసి వచ్చినపుడు కార్డు మరింత వెనుకబడును. ప్రాసెసరు ఒకటే, బీరువా మార్చుటచే యంత్రము కొత్తదానివలె తోచును.

ఇది తయారీదారు ఎరుగని సంగతి కాదు. 2024 డిసెంబరులో వచ్చిన ‘పై 500’లో వేగమైన ప్రాసెసరు, 8 గిగాబైట్ల స్మృతి పెట్టిరి, విడుదలనాటి వెల 90 డాలర్లు. బీరువా మాత్రము కార్డే. 2025 సెప్టెంబరులో వచ్చిన ‘పై 500 ప్లస్’లో 16 గిగాబైట్ల స్మృతి, 256 గిగాబైట్ల ఎస్.ఎస్.డి. లోపలనే అమర్చిరి. విడుదలనాడు దాని వెల 200 డాలర్లు. బల్ల, బీరువా పెంచి, కీబోర్డును మెరుగుపరచుసరికి వెల రెండింతలకు మించినది. మొదటి యంత్రమున వెల దేనిని తగ్గించి తగ్గించిరో దీనివలన స్పష్టమగును.

మన పాఠశాలలో ఎదురగు చిక్కులు

కేంబ్రిడ్జిలో తయారైన ఊహ మన పల్లెలలో పనిచేయవలెనన్న కొన్ని సంగతులు గమనింపదగును.

మొదటిది విద్యుత్తు. ఈ యంత్రములో బ్యాటరీ లేదు. కార్డుపై వ్రాత జరుగుచుండగా కరెంటు పోయినచో ఫైళ్ళ అమరిక చెడి, మరునాడు యంత్రము లేవకపోవచ్చును. కార్డులోని ప్రతి గడియు కొన్ని పర్యాయములకు మించి వ్రాతను సహింపదు. నాసిరకపు కార్డులు తొందరగా చెడును. దీనికి ఉపాయము లేకపోలేదు. యంత్రము తీసికొను విద్యుత్తు 5 వోల్టులు, 3 ఆంపియర్లు. అనగా హెచ్చు పక్షము 15 వాట్లు. మానిటరునకు 25 వాట్లు కలిపిన మొత్తము 40. చిన్న యు.పి.ఎస్.లో వాడు 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీలో 84 వాట్-గంటల శక్తి నిలువయుండును. నష్టములు తీసివేసినను ముప్పావు గంట నడచును. ఒక పీరియడు పాఠము చెడదు. కాని ఆ యు.పి.ఎస్. వెలను కూడ లెక్కలో వేయవలెను.

రెండవది గడియారము. సాధారణ కంప్యూటరులో చిన్న బ్యాటరీ యొకటి యుండి, యంత్రమును ఆపినను కాలమును లెక్కించుచుండును. పై 400లో అది లేదు. ఇంటర్నెట్ ఉన్నచో కాలమును అడిగి తెలిసికొనును. ఇంటర్నెట్ లేని చోట నిన్నటి గంటనే నేటి గంటగా చూపును. ఫైళ్ళ తేదీలు తారుమారగును. తేదీ తప్పిన కారణమున కొన్ని వెబ్ పుటలు తెరచుకొనవు. రూపాయలలో అతి స్వల్పమైన ఈ తగ్గింపు ఉపాధ్యాయునికి ప్రతి ఉదయము పని పెట్టును.

మూడవది శబ్దము. చెవికి పెట్టుకొను సాధారణ హెడ్‌ఫోను రంధ్రము ఇందులో లేదు. శబ్దము మానిటరుద్వారా గాని, బ్లూటూత్ ద్వారా గాని, యు.ఎస్.బి. ద్వారా గాని రావలెను. మైకు, కెమెరాయు లేవు. భాషా పాఠములు వినిపింపదలచిన పాఠశాల ప్రతి యంత్రమునకు మరియొక పరికరము కొనవలెను.

నాల్గవది మరమ్మతు. స్మృతి పలకకు అతికి యున్నది, పెంచుటకు వీలులేదు. మీటలు చెడిన యెడల వేరు కీబోర్డు తగిలించి నడుపవచ్చునుగాని, దానిపై నీరొలికినచో కంప్యూటరే పోవచ్చును.

భాష, సాఫ్ట్‌వేరు

ప్రాసెసరులు కుటుంబములుగా విభజింపబడియున్నవి. ఒక కుటుంబము యొక్క ఆజ్ఞలు మరియొక కుటుంబమునకు అర్థము కావు. కార్యాలయములలో వాడుకగా నున్న కంప్యూటర్లు ఇంటెల్ కుటుంబమునకు చెందినవి. పై 400లోని ప్రాసెసరు ఆర్మ్ కుటుంబమునకు చెందినది. ఈ ఆర్మ్ రూపకల్పన బి.బి.సి. మైక్రోను చేసిన ఏకార్న్ సంస్థలోనే జరిగి, మొదటి చిప్పు 1985లో పనిచేసినది. నేటి సెల్‌ఫోనులలో నడుచునదియు ఇదే కుటుంబము. కనుక ఇంటెల్ యంత్రములకై వ్రాసిన విండోస్ ప్రోగ్రాము సి.డి.ని తెచ్చి ఇందులో నడుపుదమన్న కుదరదు. పాఠశాల తప్పక వాడవలసిన ప్రోగ్రాము అట్టిదైనచో, విచారణ అక్కడితో ఆగవలెను.

ఇందులో నడుచునది డెబియన్ లినక్సుపై ఆధారపడిన రాస్ప్‌బెర్రీ పై ఓ.ఎస్. ఇది ఉచితము. లిబ్రె ఆఫీసు, స్క్రాచ్, పైథాన్ వ్రాయుటకు సులభ సాధనములు దొరకును. తెలుగు ఫాంటులు ముందే లేకున్న చేర్చుకొనవచ్చును. భారత ప్రభుత్వము ప్రమాణముగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికను ఎన్నుకొనవచ్చును. కేరళ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలు లినక్సుతో ఏండ్ల తరబడి పాఠములు నడుపుచున్నవి. లినక్సు పిల్లలకు కష్టమను భయము నిలువదు. ఉపాధ్యాయునికి శిక్షణ లేకున్న మాత్రము ఏ సాఫ్ట్‌వేరైనను కష్టమే.

నలువది సూదుల విలువ

ఇంతవరకు చెప్పిన లోపములకు సమాధానము యంత్రము వెనుకనున్న 40 సూదులలో కలదు. వీటిద్వారా ప్రోగ్రాము బయటి లోకమును తాకును. ఒక ఎరుపు ఎల్.ఇ.డి.ని 330 ఓముల నిరోధముతో కలిపి ఒక సూదికి తగిలించినామనుకొందము. సూది వోల్టేజి 3.3. ఎల్.ఇ.డి. వద్ద సుమారు 2 వోల్టులు పడును. మిగిలిన 1.3 వోల్టులను 330చే భాగించినచో విద్యుత్ ప్రవాహము సుమారు 4 మిల్లీ ఆంపియర్లు. పదవ తరగతి విద్యార్థి ఓం నియమము ననుసరించి కాగితముపై వేసిన లెక్క, తాను వ్రాసిన నాలుగు పంక్తుల ప్రోగ్రాముతో కంటి యెదుట మినుకు మినుకుమనును. ఉష్ణోగ్రతను కొలుచు చిన్న పరికరమును తగిలించి, గంటగంటకు కొలత వ్రాయించి, గ్రాఫు గీయించవచ్చును. భౌతికశాస్త్రము, గణితము, కంప్యూటరు ఒకే బల్లపై కలియును. సాధారణ కార్యాలయపు కంప్యూటరులో ఈ సదుపాయము లేదు.

జాగ్రత్త యొకటి అవసరము. ఈ సూదులకు 5 వోల్టుల సంకేతము నిచ్చినచో ప్రాసెసరు చెడవచ్చును. తీగలు కలుపునపుడు యంత్రమును ఆపి, ఉపాధ్యాయుడు సరిచూచిన పిదపనే మీట నొక్కవలెను.

పాత యంత్రముతో పోటీ

ఇదే ధనమునకు బజారులో కార్యాలయములు వదలిన పాత కంప్యూటరు దొరకును. దాని స్మృతిని పెంచవచ్చును, డిస్కు మార్చవచ్చును, చెడినచో పట్టణములోని మెకానిక్కు బాగుచేయును. ఇవి పెద్ద గుణములు. దోషములును కలవు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదవ తరమునకు ముందరి ప్రాసెసరులను, ఏ కొన్నింటినో తప్ప, అధికారికముగ అంగీకరింపదు. అట్టి యంత్రములో కూడ లినక్సునే వాడుకొనుట మేలు. కరెంటు ఖర్చు హెచ్చు. పాత కంప్యూటరు, మానిటరు కలిసి 80 వాట్లు తీసికొనుననుకొన్నచో, పది యంత్రములు దినమునకు 5 గంటలు, ఏడాదికి 200 దినములు నడిచిన 800 యూనిట్లగును. పై 400లకు 40 వాట్ల చొప్పున 400 యూనిట్లు చాలును.

కొనుటకు ముందు చేయదగిన పరీక్షలు

ఏ చౌక కంప్యూటరునైనను పది సమకూర్చుటకు ముందు ఒక్కదానిని తెచ్చి, వారము దినములు ఈ పరీక్షలు చేయవలెను.

1. మీట నొక్కిననాటినుండి పనికి సిద్ధమగువరకు పట్టు కాలమును గడియారముతో చూడవలెను. మూడు పర్యాయముల సగటు తీసికొనవలెను.

2. బ్రౌజరులో ఐదు పుటలు, ఒక తెలుగు వ్యాసము, ఒక లెక్కల పట్టిక ఒకేసారి తెరచి, మిగిలిన స్మృతి యెంతయో చూడవలెను.

3. స్త్రీ, జ్ఞానము, లక్ష్మి, ఉష్ణము మొదలగు సంయుక్తాక్షరములు తెరపైనను, అచ్చులోను సరిగా వచ్చుచున్నవేమో పరిశీలించవలెను.

4. ఇంటర్నెట్ తీసివేసి, రాత్రియంతయు ఆపియుంచి, ఉదయము తేదీ చూడవలెను.

5. మానిటరు, యు.పి.ఎస్., హెడ్‌ఫోను, అదనపు కార్డు వెలలతో సహా ఒక విద్యార్థి స్థానమునకు పడిన మొత్తమును వ్రాసికొనవలెను.

ఈ ఐదవ అంకెయే యంత్రము యొక్క అసలు వెల.

నిర్ణయము

మానిటర్లు ముందే కలిగి, ప్రోగ్రాములు వ్రాయుటను, చిన్న ప్రయోగములను నేర్పదలచిన ఉపాధ్యాయుడున్న పాఠశాలకు పై 400 తగిన యంత్రము. దానికి మంచి కార్డు, వీలైనచో యు.ఎస్.బి. ఎస్.ఎస్.డి., ఒక యు.పి.ఎస్. చేర్చుకొనవలెను. ఇంటికంతటికి ఒకే కంప్యూటరుగా, వీడియో తరగతులకును, దరఖాస్తులకును, కార్యాలయపు పనులకును కావలెనన్నవారు 8 గిగాబైట్ల స్మృతి, ఎస్.ఎస్.డి. గల మంచి పాత కంప్యూటరును వెదకుట మేలు. నేర్పువారు లేని పాఠశాలకు మాత్రము ఏ యంత్రమును చౌక కాదు. అది గుడ్డ కప్పుకొని అల్మారాలో నిలుచును.

పెట్టె, గాలిమర, అదనపు విద్యుత్తు తగ్గించుటలో పై 400 నిర్మాతలు మెచ్చదగిన నేర్పు చూపిరి. గడియారము, శబ్దము, నమ్మదగిన నిలువ తగ్గించుటలో భారమును ఉపాధ్యాయునిపై మోపిరి. ఈ రెండింటిని లెక్క కట్టి, తన పాఠశాల ఆ భారమును మోయగలదో లేదో చూచుకొని కొన్నవాడు మోసపోడు. పరీక్షకు తెచ్చిన ఒక్క యంత్రమును వారము దినములు విద్యార్థుల చేతికే ఇచ్చి, లోపములను వారిచేతనే వ్రాయించినచో, కొనుగోలు కూడ వారికొక విజ్ఞానశాస్త్ర పాఠమగును.